సింహముఖమును పట్టుకొను చేతులు

దసరా దినములలో మా ఆత్రేయపురము వీధిలో డప్పు మ్రోగినంతనే బడిపిల్లలు పుస్తకములు మూలబెట్టి పరుగిడుదురు. ఒంటినిండ పసుపురంగు, దానిపై నల్లచారలు, నడుమున తోక, ముఖమునకు పులిమొగము. అట్టి వేషధారి యెగురుచు, గుఱ్ఱుమనుచు వచ్చును. పిల్లలు భయపడి వెనుకకు దుముకుదురు. మఱుక్షణముననే భయపడుచునే ముందునకు వత్తురు. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషి మాత్రము తల యెత్తక ఒక నాణెమును విసరి, 'ఇక పద' యనును. ఆ పెద్దమనిషికే తంజావూరి సీమలో నరసింహస్వామి ముఖమును ధరించి యాడు తెలుగు నాటకమును గుఱించి యెవరైన చెప్పినచో, 'ఆహా, ఎంతటి ప్రాచీనకళ!' యని చేతులు జోడించును. ఈ రెండు తీర్పులలో ఒక్కటియు వేషమును చూచి చెప్పినది కాదు. మొదటిది వేషధారి పేదఱికమును చూచి చెప్పినది. రెండవది ప్రాచీనత యను మాటను విని చెప్పినది.

మృగముఖములు ధరించి యాడు ఆటలను గుఱించి మన విద్యావంతులలో రెండే అభిప్రాయములు గలవు. అవి అనాగరికుల చేష్టలు, చదువు పెరిగినకొలది నశింపవలసినవి యనునది ఒకటి. అవి అపురూపములైన కళాఖండములు, అద్దపు బీరువాలలో భద్రపఱుపవలసినవి యనునది రెండవది. ఒకటి ద్వేషమువలెను, మఱియొకటి ప్రేమవలెను కనిపించినను, రెండును ఒకే పొరపాటు నుండి పుట్టినవని నా యభిప్రాయము. ఆ పొరపాటు, ముఖమును ధరించినవాని నుండియు, వాని చుట్టును నిలుచున్నవారి నుండియు వేఱుచేసి చూచుట. ఈ సంగతి తేటపడుటకు మన తెలుగువారిదే యైన ఒక నాటకమును పరిశీలింతము.

తంజావూరునకు సమీపమున మెలట్టూరు అను గ్రామము కలదు. 16వ శతాబ్దపు చివర తంజావూరి నేలిన అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబములకు ఇండ్లును భూములును ఇచ్చి ఆ ప్రాంతమున నిలిపెననియు, ఆ కారణముననే ఆ యూరికి అచ్యుతపురమను పేరు గలిగెననియు ప్రతీతి. 1673లో నాయకరాజుల ప్రభుత్వము అంతరించి, పిమ్మట మహారాష్ట్రుల ప్రభుత్వము వచ్చినను, తెలుగు అచ్చట సంగీతమునకును నాటకమునకును భాషగానే నిలిచినది. ఆ యూరివాడగు వేంకటరామశాస్త్రి, త్యాగరాజస్వామికి సమకాలికుడు, భాగవతమేళము కొఱకు ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, మార్కండేయచరిత్రము మున్నగు నాటకములను తెలుగున రచించెను. శాలియమంగళము, ఊత్తుక్కాడు, శూలమంగళము అను గ్రామములలోను భాగవతమేళములు వెలసినవి. 20వ శతాబ్దమున ఈ సంప్రదాయము క్షీణించుచుండగా దానిని లోకము దృష్టికి తెచ్చినవారిలో ఇ. కృష్ణయ్యరు (1897–1968) ముఖ్యుడు. నేటికిని నృసింహజయంతి సమయమున మెలట్టూరిలో వరదరాజస్వామి సన్నిధిని ప్రహ్లాదచరిత్రము ప్రదర్శింపబడుచున్నది. చూచువారిలో పెక్కుమంది తమిళులు. తెలుగుమాట వారికి చెవికి పరిచితమే కాని, అర్థము పూర్తిగా తెలియదు. ఆ మాట మఱువరాదు. ముందు దానితో పని యున్నది.

ఈ మేళమున రెండు మృగముఖములు గలవు. కోణంగి వచ్చి నవ్వించి పోయిన పిమ్మట, నాటకారంభమున, ఒక చిన్న బాలుడు ఏనుగు మొగము ధరించి వినాయకుడై వచ్చి నర్తించి, ఆశీర్వదించి పోవును. తరువాత రాత్రి పొడుగునను మనుష్యముఖములే. హిరణ్యకశిపుడు, లీలావతి, ప్రహ్లాదుడు, గురువులు, అందఱును కన్నులతోను, కనుబొమలతోను, పెదవులతోను అభినయింతురు. తెల్లవారవచ్చు వేళకు స్తంభము నుండి సింహముఖము వెడలును. తొలుత పసివాని భుజములపై ఏనుగు, తుదిని పెద్దవాని భుజములపై సింహము. ఈ రెంటి నడుమ మనుష్యుల గర్వమును, దుఃఖమును, భక్తియును. ఈ కూర్పును కవి బుద్ధిపూర్వకముగ చేసెనో, సంప్రదాయమే చేసెనో చెప్పుట నా పని కాదు. చూచువాని మనస్సుపై దాని ఫలము మాత్రము స్పష్టము: ముద్దునకు పాత్రమైన మృగముతో మొదలిడి, భయమునకు పాత్రమైన మృగముతో ముగియును.

ఇచ్చట ఒక పోలిక మనకు సహాయపడును. అదే కాలమున, అదే కావేరీతీరమున, అదే భాషలో, అదే కథను త్యాగరాజస్వామి (1767–1847) 'ప్రహ్లాదభక్తివిజయము'గ రచించెను. అందు హిరణ్యకశిపుడు రంగమునకు రాడు, స్తంభము పగులదు, సింహము గర్జింపదు. నాగపాశబద్ధుడై సముద్రమున పడిన బాలుడు, సముద్రుని యాదరము, హరిదర్శనము కొఱకైన పరితాపము, తుదకు దర్శనము, ఇంతియే. ముఖముతో పని లేదు. ఏలన, ఆ దైవము ప్రహ్లాదునకు కనబడుటే చాలును; వినువారు అతని గానము ద్వారమున చూతురు. వేంకటరామశాస్త్రి దైవము అట్లుగాదు. అది ఊరివారందఱికిని ఒక్కసారిగ కనబడవలెను. నమ్మినవాడు, నమ్మనివాడు, తెలుగు వచ్చినవాడు, రానివాడు అందఱును ఒకే క్షణమున ఉలికిపడవలెను. పాట ఒక్కొక్క హృదయమును వేఱువేఱుగ చేరును; ముఖము సభనంతటిని ఒక్కసారిగ చేరును. ఈ రెండింటిలో ఏది యుత్తమమని తూచుట అవివేకము. కాని సింహముఖము అనవసరమైన అలంకారమని తలచువారు, అది లేనిచో మెలట్టూరి నాటకము నాటకము గాక హరికథ యగునని గ్రహింపవలెను.

భరతముని ఆహార్యాభినయమును చెప్పుచు ప్రతిశీర్షకములను చేయు విధము నుపదేశించెను. మారేడుజిగురును, గుడ్డను, బూడిదనో ఊకనో కలిపి, తేలికగా నుండునట్లు చేయవలెనట. తెలంగాణమున చేర్యాలవారు రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి నేటికిని చేయు మొగములను చూచినవారికి ఆ శాస్త్రవిధి క్రొత్తగ తోపదు. అయినను ముఖమును కప్పుటలో నటునకు గొప్ప నష్టము గలదు. కన్నులు, కనుబొమలు, చెక్కిళ్లు చేయు అభినయమంతయు పోవును. మిగులునది ఒక్కటే ముఖభావము; అది మాఱదు. మఱి లాభమేమి?

నరసింహుని విషయమున లాభము అసాధారణమైనది. పోతన సప్తమస్కంధమున స్తంభము నుండి వెడలిన మూర్తిని వర్ణించుటకు పద్యము చాలక దీర్ఘసమాసముల వచనమును ఆశ్రయించెను. చిత్రకారుడు, శిల్పి అందఱును నరుని, సింహమును కలుపుటకు శ్రమపడుదురు. వేషధారికి ఆ శ్రమ లేదు. మెడకు క్రింద నరుడు, మెడకు పైన సింహము; అది పోలిక గాదు, కంటికి ఎదుట నిలిచిన నిజము. మనుష్యుడును మృగమును గాని రూపమును వరము కోరినవాడు ఊహింపలేకపోయెను. ఆ రూపము మొగముతొడుగు ధరించిన మనుష్యునిదే. పురాణమున పగలును రాత్రియు గాని సాయంసంధ్య. నాటకమున రాత్రియు పగలును గాని వేకువ. తెలుగు తెలియని తమిళ ప్రేక్షకునకు ఏ పద్యమును వివరింపనక్కఱ లేదు. మాట ఆగినచోట ముఖము మాటలాడుచున్నది.

అయినను నేను చెప్పదలచిన ప్రధానవిషయము ఇది కాదు. ఆ సింహముఖము ఏడాదికొక్కసారి పెట్టె నుండి తీయు నాటకపు సామగ్రి కాదు; పూజలందుకొను మూర్తి. దానిని ధరించువాడు ఆనాడు ఉపవసించును. ముఖము నెత్తుకొన్నంతనే అతనికి ఆవేశము కలుగుట కద్దు. అప్పుడు చుట్టునున్నవారు అతనిని పట్టి నిలుపుదురు. లేనిచో ఎదుటనున్న హిరణ్యకశిపునకు ప్రమాదమను భయము. ఇట్టి యాచారమే ఉత్తరమున గంజాము సీమలోను గలదు. 1936 వఱకు మద్రాసు రాజధానిలో నుండిన ఆ మండలమున, జలంతర సంస్థానాధిపతి రామకృష్ణ ఛోటరాయల పేర వెలసిన ప్రహ్లాదనాటకమును ఓఢ్రభాషలో ఆడుదురు. అచ్చటను నరసింహముఖము పూజితము, అచ్చటను ఆవేశము, అచ్చటను పట్టి నిలుపు చేతులు. కావేరి యొద్దను ఋషికుల్య యొద్దను, భాష వేఱైనను, ఆ చేతులు మాత్రము మానలేదు.

ఆ చేతులను గుఱించి ఆలోచింపుడు. కథలో హిరణ్యకశిపుని చీల్చిన పిమ్మట స్వామి కోపము చల్లాఱలేదు. దేవతలు దగ్గఱకు పోజాలకపోయిరి, లక్ష్మియు జంకెను. తుదకు ఒక పసివాడు పోయి నమస్కరించి శాంతింపజేసెను. నాటకమున ఆ కార్యమునే ఊరివారి చేతులు చేయుచున్నవి. క్రోధమును రప్పించినది వారే, నిలిపినదియు వారే. మృగముఖము మృగత్వమును బోధించునదని నిందించువారు ఈ రెండవ సగమును చూచుటలేదు. అది బోధించునది మృగత్వమును కాదు. మనలోని మృగము బయలుదేఱినప్పుడు దానిని కొట్టక, చంపక, పట్టి నిలుపు విద్యను.

ఇది మన పురాణమునకు మాత్రమే చెందిన విశేషమైనచో నేను దానిపై ఇంత భారముంచను. కాని భూగోళమునకు ఆవలి వైపున, మన పురాణము పేరైనను వినని జనులలో ఇదియే ధర్మము కనబడుచున్నది. కెనడా దేశపు పశ్చిమతీరమున వాంకోవరు ద్వీపపు ఉత్తరభాగమునను, దాని కెదురుగానున్న తీరభూమిని క్వాక్వాలా భాష మాట్లాడు క్వక్వకవక్వ జనులు గలరు. వారు ఎఱ్ఱదేవదారు కొయ్యతో పక్షుల, మృగముల ముఖములను చెక్కుదురు. కొన్ని ముఖములు త్రాళ్లు లాగినంతనే రెండుగ విచ్చుకొని లోపల మఱియొక ముఖమును, ఒక్కొక్కప్పుడు మనుష్యముఖమునే, చూపును. శీతకాలపు ఉత్సవములలో హమత్స యను నృత్యము వారికి శ్రేష్ఠమైనది. లోకపు ఉత్తరాంతమున నివసించు నరభక్షకదేవత ఒక యువకుని ఆవేశించును. అతడు అడవి నుండి ఉన్మత్తుడై వచ్చును. పొడుగు ముక్కుల పక్షిముఖములు ధరించినవారు ఆ ముక్కులను టపటప కొట్టుచు నర్తింతురు. పరిచారకులు యువకుని పట్టి నిలుపుదురు. పెద్దలు పాటలు పాడుదురు. క్రమక్రమముగ అతడు శాంతించి మనుష్యులలో కలియును. అదియే ఆ నృత్యపు కథ. దానిని చూచినవారికి కానుకలీయబడును. ఏలన వారు ప్రేక్షకులు గాదు, సాక్షులు. ఏ కుటుంబమునకు ఏ ముఖమును ధరించు హక్కు కలదో, ఏ కథను చెప్పు హక్కు కలదో ఆ సాక్షులే ఎఱుగుదురు.

కెనడా ప్రభుత్వమువారికి ఇది అనాగరికముగ తోచెను. 1885 నుండి అమలైన శాసనముచే ఈ కానుకల యుత్సవమును నిషేధించిరి. 1921లో క్రిస్మసు దినములలో డాన్ క్రాన్మర్ అను పెద్ద జరిపిన ఉత్సవమునకు వెళ్లినవారిపై నేరము మోపి, కొందఱిని చెఱసాలకు పంపి, ముఖములను స్వాధీనము చేసికొనిరి. అనాగరికములని లాగుకొన్న ఆ ముఖములే పిదప వస్తుప్రదర్శనశాలలలో అపురూపకళాఖండములై వెలసినవి! నిషేధము 1951లో తొలగినది. ముఖములలో పెక్కు 1979లో కేప్ మడ్జ్ గ్రామమునను, 1980లో అలర్ట్ బే గ్రామమునను నెలకొల్పిన మందిరములకు తిరిగి వచ్చినవి. అలర్ట్ బే మందిరమునకు 'ఉమిస్తా' యని పేరు. చెఱపట్టబడినవారు తిరిగి యింటికి వచ్చుటను వారి భాషలో అట్లందురు. చాలకాలము చెఱనుండిన ముఖములను మరల అద్దముల వెనుక పెట్టరాదని, అచ్చట వాటిని అద్దము లేకుండ నిలిపిరి. నిషేధించిన అధికారియు, బీరువాలో నుంచిన పండితుడును ఒకే పొరపాటు చేసిరని నేను మొదట చెప్పినదానికి ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు. ఇద్దఱును కొయ్యను చూచిరి, చేతులను చూడలేదు.

ఇచ్చట సంస్కరణాభిమానులగు మిత్రులు నన్నొక ప్రశ్న యడుగుదురు. 'ఆవేశమును నమ్ముట మూఢవిశ్వాసము కాదా? దానిని పత్రికలలో పొగడవచ్చునా?' ఈ ప్రశ్న న్యాయమైనదే. ఆవేశము దేవతది కాదు, మనస్సుదే యని నా నమ్మకము. ఉపవాసము, నిద్రలేమి, వాద్యఘోష, వేయి కన్నుల చూపు, ఇవి చాలును మనస్సును దాటింపుటకు. కాని కారణము తెలిసినంతమాత్రమున కార్యపు విలువ తగ్గదు. ఏడ్పునకు కారణము తెలిసినను కన్నీరు కన్నీరే. ఆవేశము పేర జోస్యములు చెప్పి ధనము దోచుకొన్నప్పుడు, మూగజీవులను బలియిచ్చినప్పుడు దానిని ఖండింతము. కందుకూరి వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున భోగముమేళములను నిరసించిరి. ఆ నిరసనము ఒక అన్యాయమును చూచి పుట్టినది. తరువాతివారు కొందఱు అన్యాయమును విడిచి ఆటను పట్టుకొని, వేషమన్న ప్రతిదానిని ఆ గాటనే కట్టిరి. దోషమును కోయువాడు వైద్యుడు. దేహమును కోయువాడు కాడు.

అట్లని మెలట్టూరి మేళము నిర్దోషమని నేను చెప్పను. అది పురుషుల మేళము. స్త్రీపాత్రలను పురుషులే ధరింతురు. భర్తకును కొడుకునకును నడుమ నలిగిపోవు లీలావతి దుఃఖము ఆ నాటకమున మిక్కిలి మనోహరమైన భాగమని రసికులందఱును ఒప్పుకొనిరి. అట్టి తల్లిదుఃఖమును ఆడుటకు తల్లులకు మాత్రము అధికారము లేదు! స్త్రీలు కూర్చుండి వినిరి. తమ కన్నీటిని తాము రంగముపై చూచిరి. అచ్చటి పురుషనటుల నేర్పును నేను తక్కువచేయుట లేదు. కాని సింహముఖమును ధరించువానికి కావలసినది ఉపవాసము, నిష్ఠ, దేహబలము అని మనమే చెప్పుచుండగా, ఈ మూడును ఒక జాతివారికి, ఒక లింగమువారికి మాత్రమే పుట్టుకతో వచ్చునని చెప్పుట తర్కమునకు నిలువదు. స్తంభము నుండి వెడలిన స్వామి తన్ను పిలిచినవాని కులమును విచారింపలేదు, వాడు రాక్షసపుత్రుడు.

ఇంకొక సంగతి. 1932లో విడుదలయైన మొదటి తెలుగు మాటలాడు చిత్రము 'భక్తప్రహ్లాద'యే. తరువాతను ఆ కథను పెక్కుసార్లు తెరపై చూచితిమి. తెరమీద స్తంభము మెలట్టూరికన్న బాగుగ పగులును. సింహము ఇంకను భయంకరముగ గర్జించును. కాని తెరమీది సింహమును పట్టుకొను చేతులు లేవు. ఆట ముగిసినంతనే లేచి యింటికి పోవుదుము. మనము క్రోధమును చూచితిమి. దానిని శాంతింపజేయు పనిలో మనకు భాగము లేదు. నగరములలో గంటసేపటి ఉత్సవముల కొఱకు వేదికలపై చూపు మృగముఖ నృత్యములకును ఇదే లోపము. వానిని ఆపుమని నేననను. వానితోనే తృప్తిపడవలదని మాత్రమందును.

ఇప్పుడు మా వీధిలోని పులికడకు మరల వత్తము. ఈ వేషము దసరాకు మాత్రమే కాదు; పీర్లపండుగనాడును కట్టుదురు. హిందువులును ముసల్మానులును, బిడ్డ బ్రతికినందులకో, రోగము కుదిరినందులకో మ్రొక్కుకొని పులిరంగు పూయించుకొనిన వాడుక తెలుగునాట కలదు. అనగా దీక్ష ఇచ్చటను ఉన్నది. గంటలకొలది కదలక నిలిచి ఒంటికి రంగు వేయించుకొనుట, ఆ రంగు ఎండి చర్మమును లాగుచుండగా ఎండలో ఎగురుట ఉపవాసమునకు తీసిపోయిన నిష్ఠ కాదు. మఱి లోపమేమి? మెలట్టూరిలో సింహమును పట్టుటకు ఊరు నిలిచినది. మన వీధిలో పులిని పట్టుటకు ఎవ్వరును లేరు. అరుగు దిగినవాడు లేడు. విసరిన నాణెము చేతికీ చేతికీ నడుమ దూరమును కొలుచుచున్నది. వేషము భిక్షాటన మైనదని మనము నిందించుచున్నాము. దానిని భిక్షగ చేసినది వేషధారి కాదు, మన విసురు.

అంతర్వేదిలో, వసిష్ఠగోదావరి సాగరమున గలియుచోట, లక్ష్మీనరసింహస్వామి వెలసి యున్నాడు. మా సీమవారు మాఘమాసమున కల్యాణమునకు వేలకొలది పోవుదుము. ఆ సింహముఖమునకు చేతులు జోడించు మనము, సజీవుడగు మనుష్యుడు మృగముఖము ధరించి గుమ్మమున నిలిచినప్పుడు తల యేల యెత్తము? స్వామి స్తంభములో నుండెను గదా. స్తంభము ఎవరి యింటిదని అడుగనక్కఱ లేదు.

అద్దపు బీరువాను నేను కోరను. నిషేధమును అంతకన్న కోరను. చదువరులలో ఒక్కొక్కరిని ఒక్కటే కోరుచున్నాను. ఈ దసరాకు డప్పు మ్రోగినప్పుడు అరుగు దిగి రండు. పులిని తేఱిపాఱ చూడుడు. ఆట ముగిసి, మొగము తీసి, చెమటతో నిలిచిన మనుష్యునకు మంచినీళ్లిచ్చి, పేరడుగుడు. కానుకను చేతిలో నుంచుడు. మా బడిపిల్లలు ఆ పని అప్పుడే మొదలిడిరి. వారు భయపడుచునే దగ్గఱకు పోవుచున్నారు. ప్రహ్లాదుడును పసివాడే.